పిరమిడ్‌లో అక్క వెనకాల

ఓపెన్ ప్లాట్లు అమ్మేవాడికి ముందుగా ఒక సంగతి తెలిసి ఉండాలి. కస్టమర్‌ను మన కారులోనే తీసుకుపోవాలి, మన కారులోనే తీసుకురావాలి. సొంత బండిలో వచ్చినవాడు నచ్చకపోతే మధ్యలోనే తిరిగి వెళ్ళిపోతాడు. మన కారులో వచ్చినవాడు బొంగులూరు దాటి వెంచర్ లోపలికి వెళ్ళాక మనం తిప్పినంతసేపూ తిరగాల్సిందే. ఎర్రమట్టిలో పాతిన రాళ్ళను చూపించి "గిక్కడ పార్కు వస్తది సార్, గక్కడ క్లబ్ హౌస్" అని నేను చెబుతుంటే ఎండలో నిలబడి తలూపడం తప్ప వాళ్ళకు వేరే దారి ఉండదు. పదకొండేళ్ళుగా ఇదే నా పని. మనుషులను ఎక్కించుకోవడం, వాళ్ళంతట వాళ్ళు దిగకుండా చూసుకోవడం నాకు బాగా వచ్చు.

మా కంపెనీలో టార్గెట్ కొట్టిన ఏజెంట్లకు ఏటా విదేశీ టూర్ ఇస్తారు. అందరూ బ్యాంకాక్ పోయారు, దుబాయ్ పోయారు. నేను కొట్టిన ఏడాదికే ఈజిప్టు పడింది. అయిదు రోజులు, ఇద్దరికి టికెట్లు. నా భార్య, "పీనుగులను చూడనీకి గంత దూరం పోవుడు దేనికి, నేను రాను" అని ఒక్క మాటలో తేల్చేసింది. అయితే అక్కను తీసుకుపోతానన్నాను. తమ్ముడంటే ఇట్లుండాలని మా చుట్టాలంతా మెచ్చుకున్నారు. ఆ మెచ్చుకోలు నాకు మింగుడుపడలేదు. అక్కను తీసుకుపోవడం ప్రేమతో కాదు, తప్పు చేసినవాడి లంచం అది.

ఆ తప్పు ఏమిటో ముందే చెప్పేస్తాను.

అక్క ఇబ్రహీంపట్నంలో జాకెట్లు కుడుతుంది. బావ శేరిగూడ దగ్గర ఒక కాలేజీ బస్సు నడిపేవాడు. కరోనా రెండోసారి వచ్చినప్పుడు నగరంలో ఒక దవాఖానలో తొమ్మిది రోజులుండి పోయాడు. కబురు నాకే వచ్చింది, నేనే వెళ్ళాను. అక్కడొక మనిషి సంచి జిప్పు గొంతు దాకా లాగి ముఖం చూపించాడు. బావే. "శ్మశానం కాడికి ఇంటోళ్ళు ఇంకిద్దరు రావొచ్చన్న. దూరం నుంచి ముఖం చూపిస్తం, ఒంటికి తొడుక్కునే కిట్లు మేమే ఇస్తం" అని కూడా చెప్పాడు. అప్పటికే అక్క చెప్పులు తొడుక్కుని అరుగు మీద కూర్చుని నా కారు కోసం ఎదురుచూస్తోంది. పరీక్షలో ఆమెకు ఏమీ లేదనే వచ్చింది. అయినా ఆయనతో ఒకే ఇంట్లో ఉన్న మనిషి. ఆమెను నా కారులో పక్కన కూర్చోబెట్టుకోవడానికి నాకు భయమేసింది. అంతకంటే పెద్ద కారణం ఏమీ లేదు.

ఫోన్ చేసి, "ఎవ్వల్ని రానిస్తలేరక్కా. నాకు గూడ ముఖం చూపియ్యలే. వాళ్ళే కాలవెడుతరట" అని చెప్పాను. మొదటి ముక్క నా పిరికితనం. రెండో ముక్క దాన్ని కప్పడానికి. నేను చూశానంటే, మరి నన్నెందుకు తీసుకుపోలేదని అడుగుతుంది కదా.

ఆ రెండో ముక్కే కొంప ముంచింది. మూడు నెలలయ్యాక ఒకరోజు అక్క మిషన్ తొక్కుతూ తొక్కుతూ ఆపి, "అది మీ బావనే అని ఎవలు చూసిన్రు రా?" అంది. శవాలు తారుమారయ్యాయని టీవీలో అప్పుడు రోజూ వచ్చేది. "చేతికి చీటీ కడుతరక్కా" అన్నాను. "చీటీలు మారయా?" అంది. ఉన్న జవాబు చెప్పే ధైర్యం లేదు.

అప్పటి నుంచి నాలుగేళ్ళు. దినాలు చేశారు, గాజులు తీశారు, అందరూ తిని వెళ్ళారు. కానీ అక్క బావ ఫోటోకు దండ వెయ్యలేదు. "ముఖం చూడంది దండ ఎట్లేస్త?" అనేది. తెలియని నంబరు నుంచి ఫోన్ వస్తే మిషన్ మీది బట్ట కింద పడినా చూసుకోకుండా ఎత్తేది. ఒక్క రాత్రికి కూడా ఎవరింట్లోనూ ఉండేది కాదు, ఆయన వస్తే తాళం ఉంటుందని. ఈజిప్టుకు కూడా, పక్కింటామెకు తాళంచెవి ఇచ్చి, వచ్చి చూస్తుండమని వందసార్లు చెప్పాకే బయలుదేరింది. ఒక్క మాటతో నేను ఆమెను ఆ ఇంట్లో పెట్టి గొళ్ళెం వేశాను. ఇంకో మాటతో తీయగలను. తీస్తే ఆమె ముందు నా ముఖం చెల్లదు.

కైరోలో మాకు దొరికిన గైడు సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. చేతిలో ఎర్ర గొడుగు. "గొడుగును చూడండి, గొడుగు వెనకే నడవండి" అన్నాడు ఇంగ్లీషులో. పొద్దున మ్యూజియం, తర్వాత భోజనం, మధ్యాహ్నం పిరమిడ్. మధ్యలో ఒక అత్తరు షాపు దగ్గర బస్సు ఆపి, అందరినీ దింపి తలుపు వేయించాడు. ఎండలో ఎక్కడికీ పోలేం, షాపులోకి తప్ప. వాడు నవ్వుతూ లోపలికి చేయి చూపిస్తుంటే, అరే, వీడు నా జాతివాడే అనుకున్నాను. ఆ చేయి చాపే తీరు కూడా అచ్చం నాదే. పదకొండేళ్ళు ఇతరులకు చేసింది నాకు జరుగుతుంటే ఒళ్ళు మండింది.

మ్యూజియంలో రాజుల శవాలున్న గది కింద ఎక్కడో ఉంది. చీకటి దారిలో వాలుగా దిగుతూ పోవాలి. లోపల మాట్లాడకూడదని చెప్పి గైడు పైనే ఆగిపోయాడు. మొదటి అద్దాల పెట్టె దగ్గర అక్క నిలబడిపోయి నా చెయ్యి గిల్లింది.

"గివి బొమ్మలా?"

"కాదక్కా. రాజులు."

"నిజం పీనుగులా?"

"అవ్."

చేతులు జోడించింది. ఆ తర్వాత పెట్టె వదిలి పెట్టె, ఒక్కటీ విడవకుండా చూసింది. మా కంపెనీ టూర్‌వాళ్ళంతా ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకుని గబగబా దాటిపోతున్నారు. అక్క మాత్రం ప్రతి ముఖం దగ్గరా ఆగింది. నల్లబడ్డ ముఖాలు, పళ్ళు, చెవుల వెనక కాసిన్ని వెంట్రుకలు. ముఖం అయ్యాక కింద చుట్టిన గుడ్డ చూసింది. కుట్టుపని చేసే మనిషి కదా.

"ఎంత ఓపికతోని చుట్టిన్రు రా. ఒక్క కాడ ముడత లేదు" అంది మెల్లగా. ఒక పెట్టె దగ్గర చాలాసేపు నిలబడి, "వీళ్ళకు గింత మంచిగ బట్ట చుట్టిన్రు. మీ బావకు జిప్పేసిన్రు" అంది.

నేను పెట్టె మీది రాతలు చదువుతున్నట్టు వంగాను.

"వీళ్ళ ముఖాలు ఎవలెవలో వచ్చి చూసి పోతున్నరు. ఏం గానోళ్ళు" అంది. ఆ మాటకు జవాబు అక్కర్లేదు కాబట్టి బతికిపోయాను. బయటికి వెళ్ళే దారి వెతికితే అది అన్ని పెట్టెలూ దాటాకే ఉంది.

బయటపడ్డాక హోటల్‌లో భోజనం. బల్ల మీద రొట్టెలు, కోడి, అన్నం. అందరూ చేతులు కడుక్కుని కూర్చున్నారు. అక్క కూర్చోలేదు, గోడకానుకుని నిలబడింది.

"పీనుగులను చూసొచ్చి తానం చెయ్యకుండ ఎట్ల తింటర్రా?"

"అది మ్యూజియమక్కా. అద్దాలల్ల ఉన్నరు. వేల ఏండ్లయింది వాళ్ళు పోయి."

"అద్దముంటే ఏంది? పీనుగ పీనుగే."

ఈ మాట బల్ల మీద పడగానే మావాళ్ళ చెంచాలు ఆగిపోయాయి. మా వైపు మనుషులకు ఇది గుర్తు చేయకూడదు. గుర్తు చేస్తే ముద్ద దిగదు. ఒకామె రొట్టె పక్కన పెట్టేసింది. ఇంకొకాయన, ప్లాట్లు అమ్మడంలో జిల్లాలో మొనగాడు, సీసాలో నీళ్ళు నెత్తిన చిలకరించుకుని ఇక తినొచ్చా అన్నట్టు చుట్టూ చూశాడు. మా టీం లీడర్‌కు కోపం వచ్చింది. "నువ్వు మీ అక్కను తీసుకొచ్చినవా, అయ్యగారిని తీసుకొచ్చినవా?" అని నా మీద విరుచుకుపడ్డాడు. గైడు కూరలో ఏమైనా తేడా ఉందా అని అడిగాడు. శవాలను చూస్తే మేం స్నానం చేయాలి అని చెప్పాను. వాడు కాసేపు ఆలోచించి, తడి కాగితాల పొట్లం ఒకటి తెచ్చి అక్క చేతికిచ్చాడు. మేం దిగిన హోటల్ నదికి అవతల ఉంది, గంట ప్రయాణం, సాయంత్రం దాకా వెళ్ళేది లేదు.

"తర్వాత ఏం జూపిస్తరు?" అని అడిగింది అక్క.

"పిరమిడ్."

"గదేంది?"

"రాజుకు కట్టిన బొందక్కా."

"ఒక బొంద కాడికెల్లి ఇంకో బొంద కాడికా. అయితే గది గూడ చూసినంకనే ఒక్కటేసారి తానం చేస్త. గప్పటి దాక పచ్చి మంచినీళ్ళు ముట్ట."

నేను ముద్ద కలిపి ఉన్నాను. ఆమె నావైపు చూడనైనా చూడలేదు, అయినా ఆ ముద్ద పళ్ళెంలోనే వదిలేశాను.

పిరమిడ్ ముందు నిలబడి ఎవరైనా ఏమనుకుంటారో నాకు తెలియదు. నేను ఫోన్ తీసి దిక్కులు చూశాను. వాస్తు కోసం మా ఫోన్లలో దిక్సూచి ఎప్పుడూ ఉంటుంది. నాలుగు పక్కలూ నాలుగు దిక్కులకు సూటిగా ఉన్నాయి. మా వెంచర్‌లో ఇంత నిక్కచ్చిగా ఒక్క ప్లాటు లేదు. మనిషి బతికుండగానే తన చావుకు ఇంత జాగా ముందే పట్టి పెట్టుకున్నాడంటే వాడికి అమ్మినవాడు ఎవడో గట్టివాడే అని అక్కతో అన్నాను. నవ్వుతుందనుకున్నాను. "లోపలికి పోనిస్తరా?" అంది.

గైడు లోపలికి రాడు. ఇరుకు, వేడి, గుండె జబ్బులవాళ్ళు వద్దు, ఇరవై నిమిషాల్లో బయటికి రావాలి అన్నాడు. మావాళ్ళు చాలామంది ఒంటెల వైపు పోయారు. "మనకెందుకక్కా, లోపల ఏముండదు, ఖాళీ రాయి తొట్టి ఒకటుంటదట" అన్నాను. నాకు ఇరుకు గదులంటే భయం. లిఫ్టులో కూడా తలుపు పక్కనే నిలబడతాను.

"బొందల పీనుగ ఏమాయె మరి?"

"దొరకలేదట."

"అయితే చూడాలె" అని చెంగు నడుముకు దోపుకుని ముందు నడిచింది. పోక తప్పలేదు.

కొంత దూరం మామూలుగానే నడిచాం. ఆ తర్వాత దారి పైకి ఎక్కుతుంది. ఎత్తు నా నడుము కంటే కొంచెం ఎక్కువ. కాళ్ళ కింద చెక్కలు, చెక్కల మీద జారకుండా ఇనుప పట్టీలు. వీపు వంచి, కప్పుకు తల తగలకుండా, చేతులతో పక్క కడ్డీలు పట్టుకుని ఎక్కాలి. ఎక్కేవాళ్ళకూ దిగేవాళ్ళకూ అదే దారి. అందరి చెమట వాసన, అందరి ఊపిరి. నా ముందు అక్క, నా వెనక భాష తెలియని మనుషుల వరుస. సగం దూరం పోయామో లేదో వరుస ఆగిపోయింది. పైన ఎవరికో కళ్ళు తిరిగాయట, దింపుతున్నారట, కదలొద్దని కేకలు.

ముందుకు లేదు, వెనక్కి లేదు. వంగిన నడుము ఎత్తడానికి లేదు. తల పైకెత్తితే నాకు కనిపించేవి అక్క మడమలు, ఆమె చెప్పులు. పగిలిన మడమలు. చెప్పుల వారు ఒకటి తెగితే ఆమే దారంతో కుట్టుకుంది, ఎర్ర దారం. అవి ఆనాటి చెప్పులే కావాలని లేదు. కానీ నాకు అరుగు మీద కూర్చున్న ఆమె కాళ్ళే కనిపించాయి. అక్కడ ఎంతసేపు ఆగామో చెప్పలేను.

అక్క వెనక్కి తిరగలేదు. తిరగడానికి జాగా లేదు. ముందుకే చూస్తూ అంది.

"ఆ సంచిల గిట్లనే ఉండెనేమో తమ్మీ. ఊపిరాడక."

"పోయినంక ఊపిరేందక్కా."

"పోయినోడు మీ బావ అయితే గదా. ఎవలో పోయిన్రు, చీటీ మారింది. ఈయన యాడనో మతి లేక పడున్నడని నా మనసుకు అనిపిస్తది."

నాలుగేళ్ళలో ఈ మాట చాలాసార్లు విన్నాను. విన్న ప్రతిసారీ టీ తాగడానికో, ఫోన్ మాట్లాడటానికో లేచి బయటికి వెళ్ళిపోయాను. ఇక్కడ లేచి వెళ్ళడానికి లేదు.

"మీ బావనే" అన్నాను. ఆమె అనే మాటే నా నోట్లోంచి వచ్చి తడబడ్డాను. మళ్ళీ అన్నాను. "బావనే అక్కా. నేను చూసిన."

ఆమె మడమలు కదలలేదు.

"దవాఖానల జిప్పు తీసి నాకు చూపిచ్చిన్రు. ఇంకిద్దరు రావొచ్చు, ముఖం చూపిస్తం అని గూడ అన్నరు. నీకు జెప్పలే. నిన్ను కారుల ఎక్కించుకుంటే నాకు అంటుకుంటదని భయపడ్డ. నువ్వు చెప్పులేసుకుని కూసున్నవని తెలుసు. అయినా రాలే."

చెప్పేశాను. ఆమె ముఖం కనిపించి ఉంటే చెప్పగలిగేవాణ్ణి కాదని నాకు తెలుసు. వెనక ఎవరో దగ్గారు, ఒక ఆడమనిషి ఏదో అడిగింది. కాసేపటికి పైనుంచి ఒక ముసలాయనను ఇద్దరు పట్టుకుని దించారు, మేం గోడకు అంటుకుపోయి దారి ఇచ్చాం. వరుస కదిలింది. అక్క ఎక్కడం మొదలుపెట్టింది. నేను ఆమె వెనకే ఎక్కాను.

పైన ఉన్నది ఒక నల్లరాతి గది. బొమ్మలు లేవు, రాతలు లేవు. ఒక మూల మూత లేని రాతి తొట్టి. అక్క నేరుగా దాని దగ్గరికి వెళ్ళి వంగి లోపలికి చూసింది. అప్పుడు నావైపు తిరిగింది.

"గడ్డం తీసిన్రా?"

"లేదు. పెరిగి ఉండె. తెల్లగ."

"చెవి కింద పులిపిరి?"

"ఉండె. ఎడమ పక్క."

"నోరు?"

అబద్ధం చెబుదామనే అనిపించింది. "తెరిచి ఉండె" అన్నాను.

"కండ్లు?"

"సగం తెరిచి ఉండె."

"మూసినవా?"

తల అడ్డంగా ఊపాను. "ముట్టలే అక్కా."

ఆమె ఆ తొట్టి పక్కనే నేల మీద కూలబడింది. కూలబడి ఏడ్చింది. మా వైపు ఆడవాళ్ళు పీనుగ మీద పడి ఏడ్చేటట్టు, ఆయన గుణాలు ఒక్కొక్కటీ ఎత్తి చెప్పుకుంటూ, దీర్ఘాలు తీస్తూ. బస్సు నడిపి నడిపి మోకాళ్ళు నొప్పని చెప్పినవు, నేను నూనె రాయకపోతిని అని ఏడ్చింది. నీ కండ్లు మూసే దిక్కు లేకపోయె అని ఏడ్చింది. ఆ దిక్కు నేనే, పక్కనే నిలబడి ఉన్నాను. రాతి గదిలో ఆమె గొంతు ఎంత పెద్దగా మోగిందంటే, గదిలో ఉన్న పదిమందీ ఫోన్లు దించేశారు. ఒకామె వేడికి కాబోలు అనుకుని టోపీతో విసిరింది. కాపలావాడు పరుగెత్తుకొచ్చి, ఏమీ అర్థం కాక, ఆమె అయిపోయేదాకా అక్కడే నిలబడ్డాడు.

సాయంత్రం హోటల్‌లో అక్క కట్టుబట్టలతోనే తలస్నానం చేసింది. నీళ్ళ చప్పుడు చాలాసేపు వినిపించింది. తడి జుట్టుతో బయటికొచ్చి, "చావు కబురు ఆలస్యంగా తెలిస్తే తెలిసిన నాటి సంది లెక్క. నాకు ఇయ్యాల మొదటి దినం" అంది. ఆ టూర్‌లో ఆమె నాతో అన్న చివరి మాట అదే.

ఇంకా రెండు రోజుల గుళ్ళు, గోపురాలు మిగిలే ఉన్నాయి. మైలలో ఉన్న మనిషి గుళ్ళోకి రాదు కదా, ఏ దేవుడిదైనా సరే. అందరూ గొడుగు వెంట దిగిపోతే అక్క బస్సులోనే కిటికీ పక్కన కూర్చునేది. నేను కూడా దిగలేదు. ఆమె వెనక సీట్లో కూర్చున్నాను. డ్రైవర్ తలుపు వేసి ఎక్కడికో పోయేవాడు. గంటలకు గంటలు అట్లా, ఇద్దరమే. నేను పెట్టిన అరటిపండు ఆమె తినేది, నా చేతి నుంచి తీసుకునేది కాదు. సీటు మీద పెడితే తీసుకునేది.

తిరిగొచ్చాక, ఆ లెక్కన పదకొండో రోజున అక్క మళ్ళీ దినం చేసింది. చుట్టాలు రెండోసారి ఎందుకని అడిగితే, "ఇప్పుడు ఎరికైంది" అని మాత్రం చెప్పింది. నా పేరు ఎత్తలేదు. ఎత్తితే బాగుండేది, నలుగురూ తిట్టి ఉండేవాళ్ళు, నాకు కొంత తేలికయ్యేది.

చెరువు గట్టుకు వెళ్ళాలి. పొద్దున్నే కారు కడిగించి, మన్నెగూడలో మా ఇంటి నుంచి ఇబ్రహీంపట్నం వచ్చాను. అక్క అరుగు మీద కూర్చుని ఉంది. చెప్పులు తొడుక్కుని ఉంది. ఒళ్ళో బావ ఫోటో, దానికి బంతిపూల దండ. నేను దిగి ముందు తలుపు తెరిచి పట్టుకున్నాను.

ఆమె లేచి కారు దగ్గరికి వచ్చింది. సీటు చూసింది, నన్ను చూసింది.

"గీ కారు ఆనాడు రావాలె తమ్మీ" అంది.

కోపంగా అనలేదు. జాకెట్ కొలతలు చెప్పినట్టు చెప్పింది. ఆమె పిలిపించిన ఆటో అప్పటికే సందు చివర ఆగి ఉంది. ఫోటోను చెంగుతో కప్పుకుని నడిచి వెళ్ళి అందులో కూర్చుంది. నేను తెరిచిన తలుపు వేసి, ఖాళీ కారును చెరువు దాకా ఆ ఆటో వెనకాలే నడిపాను.